'మీవాళ్లు' అని లోపల పలికేది ఎవరు?

(అంబేద్కర్ జయంతి వారంలో సూరత్‌లోని తెలుగు విద్యార్థులు ఏర్పాటు చేసుకున్న సమావేశంలో ఒక పరిశోధక విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



 మానసిక ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. నేను సైకాలజిస్టును కాదు, డాక్టరును కాదు. సమాజశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థిని. మధ్యలో ఒకసారి మానేద్దామనుకుని, మానేయకుండా ఉండిపోయిన విద్యార్థిని. ఆ రెండో అర్హతతోనే ఇక్కడ నిలబడ్డాను.

ఈ హాలు లింబాయత్‌లో ఉంది. మీలో చాలామంది సాంచాల చప్పుడు మధ్య పుట్టి పెరిగినవాళ్లే. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. మా నాన్న కరీంనగర్ జిల్లా నుంచి, నేను పుట్టకముందే, ఇక్కడికి వచ్చాడు. పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి. చిన్నప్పుడు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి కార్ఖానాకు పోతే నేను రెండు చెవులూ మూసుకునేదాన్ని. "ఇంత చప్పుళ్ల ఎట్ల ఉంటవు నాయినా?" అని ఒకసారి అరిచి అడిగాను. "ఏం చప్పుడు బిడ్డా?" అన్నాడు. ఎగతాళికి కాదు, ఆయనకు నిజంగానే అది చప్పుడుగా తోచడం మానేసింది. కానీ ఎక్కడైనా పోగు తెగితే, సాంచా ఆగితే, తల తిప్పకుండానే తెలిసిపోయేది. నడుస్తున్నంతసేపూ వినపడదు. ఆగితేనే తెలుస్తుంది.

మన తలలోపల కూడా అలాంటి చప్పుడు ఒకటి నడుస్తుంటుంది. "నాకు రాదు." "ఇప్పుడు చెయ్యెత్తితే నవ్వుతారు." "వాళ్లకు తెలిసిపోయింది." ఎప్పటినుంచి నడుస్తోందో కూడా గుర్తుండదు. దాని గురించే ఈరోజు మాట్లాడతాను.

దీన్ని వైద్యంలోకి తెచ్చినవాడు ఆరన్ బెక్. 1960ల ప్రాంతంలో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కుంగుబాటుతో వచ్చినవాళ్లకు వైద్యం చేసేవాడు. వాళ్లు పైకి చెబుతున్న మాటల కింద ఇంకో వరస ఆలోచనలు నడుస్తున్నాయని ఆయన పసిగట్టాడు. అవి పొట్టిగా, టెలిగ్రాం ముక్కల్లా ఉంటాయి. క్షణంలో వచ్చిపోతాయి. వచ్చినట్టు తెలియదు, వాటి వెనక వచ్చే దిగులు మాత్రం తెలుస్తుంది. ఇంగ్లీషులో వాటికి ఆటోమేటిక్ థాట్స్ అని పేరు. మనం 'వాటంతటవే వచ్చే ఆలోచనలు' అనుకుందాం. 'స్వయంచాలిత ప్రతికూల ఆలోచనా సరళి' అని అనువదిస్తే మా నాన్నకే కాదు, నాకూ అర్థం కాదు.

బెక్ పద్ధతి వినడానికి తేలిక. ముందు ఆ ఆలోచనను పట్టుకోవాలి, కాగితం మీద పెట్టాలి. తర్వాత దాన్ని అడగాలి. నీకు రుజువేమిటి? ఇంకో కారణం ఉండొచ్చా? ఇదే సంగతి నీ స్నేహితురాలికి జరిగితే ఆమెకు ఏం చెప్తావు? పోలీసులు నిలదీసినట్టు కాదు, మెత్తగా అడగాలి. "ఎందుకిలా ఆలోచిస్తున్నావు, సిగ్గులేదా" అని మనల్ని మనం తిట్టుకుంటే అది ఇంకో ఆటోమేటిక్ ఆలోచనే తప్ప ప్రశ్న కాదు.

నాకు ఇది పనిచేసింది. పీహెచ్‌డీ రెండో ఏడాది, ఒక శుక్రవారం సాయంత్రం గైడు నుంచి ఒక్క లైను మెయిల్ వచ్చింది: సోమవారం వచ్చి కలవండి. అంతే. ఆ రెండు రోజులూ నేను సరిగా అన్నం తినలేదు. చాప్టర్ నచ్చలేదు, తీసేస్తారు, ఫెలోషిప్ ఆగిపోతుంది, నాన్నకు ఏమని చెప్పను... ఆదివారం రాత్రికి హాస్టల్ గది ఖాళీ చేయడం దాకా వచ్చేశాను, మనసులో. సోమవారం వెళ్తే, ఫెలోషిప్ ఫారంలో నేను సంతకం తప్పు గడిలో పెట్టానని, మళ్లీ పెట్టమని. రెండు నిమిషాల పని. ఆ మెయిల్‌లో లేని నాలుగు వాక్యాలు నేను రాసుకున్నాను. ఇలాంటివాటికి బెక్ ప్రశ్నలు మంచి మందు. మీలో చాలామందికి ఇలాంటి శుక్రవారాలు ఉండే ఉంటాయి.

చిక్కు ఆ తర్వాత వచ్చింది.

ఒక సెమినార్‌లో నేను పేపరు చదివాను. సూరత్‌లో నేత కార్మికుల పిల్లల చదువు మీద. అయిపోయాక ఒక సీనియర్ ఆచార్యుడు నన్ను ప్రశ్న అడగలేదు. పక్కాయనతో, నాకు వినపడేలా, "మీవాళ్లకి ఫీల్డ్‌వర్క్ బాగా వస్తుంది, థియరీ కష్టం" అన్న అర్థంలో ఒక మాట అని, నావైపు చూసి నవ్వారు. మీవాళ్లు అంటే ఎవరో ఆ గదిలో అందరికీ తెలుసు. గోపాల్ గురు 2002లో ఈపీడబ్ల్యూలో రాసిన వ్యాసం చదివినవాళ్లకు ఆ మాట కొత్తేం కాదు. మన సామాజిక శాస్త్రాల్లో సిద్ధాంతం చేసేది కొందరు, వాళ్ల కోసం వివరాలు మోసుకొచ్చేది ఇంకొందరు అనే పని విభజన ఉందని, అది కులవిభజన లాంటిదేనని ఆయన అప్పుడే ఎత్తిచూపారు. వ్యాసంలో చదవడం వేరు. మొహం మీద వినడం వేరు.

ఆ వారం నిద్ర పట్టక ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. మంచావిడే, ఓపికగా విన్నారు. విన్నాక అడిగారు: ఆయన ఆ ఉద్దేశంతో అనలేదేమో? మీరు మైండ్ రీడింగ్ చేస్తున్నారేమో? ఈ మైండ్ రీడింగ్ కూడా ఆ చికిత్సా సాహిత్యంలోని మాటే. ఎదుటివాళ్ల మనసులో ఏముందో మనమే ఊహించుకుని బాధపడటం. నేను ఆవిడకు అప్పుడు జవాబు చెప్పలేదు. మెట్లు దిగుతుంటే తట్టింది. నేను ఆయన మనసు చదవలేదు. ఆయన నోరు విన్నాను.

ఇంకో నెల రోజులు నన్ను తిన్నది ఆచార్యుడి మాట కాదు, ఆ అనుమానం. నిజంగా అన్నారా? నేనే ఎక్కువ చేస్తున్నానా? జరిగిన అవమానాన్ని కూడా 'ఆలోచనలో లోపం' కింద రాసుకుంటే మన జ్ఞాపకం మీదే మనకు నమ్మకం పోతుంది. ఈ పద్ధతి పుట్టిన చోట, సంజాయిషీ అడగాల్సింది సాధారణంగా రోగి ఆలోచననే అనే నమ్మకం ఉంది. మన దగ్గర చాలాసార్లు సంజాయిషీ ఇవ్వాల్సింది ఎదుటివాడు.

అలాగని రెండో చివరకు పోవడం కూడా నాకు నచ్చదు, అది మన మధ్యే ఉంది కాబట్టి చెప్తున్నాను. "ఇదంతా వ్యవస్థ సమస్య. సైకాలజీ అంటే బాధితుడినే తప్పుపట్టడం." నేనూ ఇలా చాలా ఉపన్యాసాలు ఇచ్చాను. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. 2023 ఫిబ్రవరిలో ఐఐటీ బాంబేలో దర్శన్ సోలంకి చనిపోయాడు. పద్దెనిమిదేళ్ల పిల్లాడు, మన పక్కనున్న అహ్మదాబాద్ వాడు. వాళ్లను వాళ్ల ఆలోచనా విధానం చంపిందని ఎవరైనా అంటే అది అబద్ధం, పైగా అవమానం. ఆ సంస్థలు జవాబు చెప్పాలని అడగడం మన పని, అది ఆగకూడదు. కానీ రాత్రి రెండు గంటలకు హాస్టల్ గదిలో ఒంటరిగా కూర్చున్న పిల్ల పక్కన వ్యవస్థ మీద మన విశ్లేషణ వచ్చి కూర్చోదు. అప్పుడు ఆమె దగ్గర ఉండేది ఆమె తల, దాంట్లో నడిచే ఆ చప్పుడు. దాన్ని ఏం చేయాలో కూడా మనం మాట్లాడుకోవాలి కదా.

నేను చేసుకున్నది చిన్న మార్పు. నాకన్నా ముందు పీహెచ్‌డీ ముగించిన ఒక అక్క చెప్పింది. నోట్‌బుక్ తెరిచి ఎడమ పేజీలో జరిగింది రాయి, కుడి పేజీలో నీ తల ఇచ్చిన తీర్పు రాయి అంది. ఎడమ పేజీలో తేదీ, గది, ఎవరెవరు ఉన్నారు, ఏ మాట అన్నారు, ఏ భాషలో అన్నారు. ఈ పేజీని ప్రశ్నించొద్దు. ఇది సాక్ష్యం. కుడి పేజీలో నా తల రాసింది: "నాకు థియరీ రాదు. నేను ఇక్కడ ఉండాల్సినదాన్ని కాదు." ప్రశ్నలన్నీ ఈ పేజీకే.

రాయగానే ఒక సంగతి కనిపించింది. కుడి పేజీలో నేను రాసిన మొదటి వాక్యం నిజానికి "నాకు థియరీ రాదు" కాదు. దాన్ని కొట్టేసి అలా మార్చాను. తల మొదట పలికిన వాక్యం: "మీవాళ్లకు థియరీ రాదు." మీవాళ్లకు! నా తలలో నా ఆలోచన నన్ను మీవాళ్లు అని ఎందుకు పిలుస్తుంది? నాదైతే మావాళ్లు అనాలి. లేదా నేను అనాలి. తెలుగులో మనకు మేము ఉంది, మనం ఉంది, ఇన్ని తేడాలు ఉన్న భాషలో నా మనసు నాతో మాట్లాడుతూ మధ్యమ పురుషలోకి ఎందుకు జారింది?

ఆ తర్వాత వెనక్కి వెళ్లి వెతికాను. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాల్లో కూడా బడులు నడుపుతుందని మీకు తెలుసు. నేను ఏడో తరగతి వరకు తెలుగు బడిలోనే చదివాను. ఎనిమిదిలో హిందీ మీడియంలో పడ్డాను. కొత్త బడిలో లెక్కల మాస్టారు బోర్డు దగ్గరకు పిలిచి, నేను తడబడితే, "తుమ్ లోగ్..." అని మొదలుపెట్టి మిగతాది మింగేసేవారు. తెలుగువాళ్లనా? సాంచాల వాళ్లనా? మాలవాళ్లనా? ఏదో చెప్పేవారు కాదు. నేనే అన్నీ కలిపి వినేదాన్ని. ఎందుకంటే సేఠ్‌కు మేమంతా ఒక్కటే తెలుగు లోగ్ అయినా, మా గల్లీలో ఏ ఇల్లు ఏ కులానిదో ఆరేళ్ల పిల్లకు కూడా తెలుసు. ఊరి నుంచి ఇంత దూరం వచ్చినా కులం టికెట్ లేకుండానే మనతో రైలెక్కింది. లెక్కల్లో చిక్కుముడి వచ్చినప్పుడల్లా ఇప్పటికీ నా తలలో మొదట వచ్చేది హిందీ: తుమ్ లోగ్. నా ఆలోచనలు మామూలుగా తెలుగులో వస్తాయి. ఇదొక్కటే హిందీలో. అది నా ఆలోచన ఎట్లా అవుతుంది?

కాబట్టి బెక్ ప్రశ్నలకు ముందు నేను ఇంకో ప్రశ్న చేర్చుకున్నాను. ఇది ఎవరి గొంతు? ఏ భాష? నన్ను ఏమని పిలుస్తోంది?

ఇది నా ఒక్కదాని కథ కాదని చూపించే ప్రయోగం ఒకటి ఉంది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో చేశారు. 2004లో ప్రపంచ బ్యాంకు పత్రంగా వచ్చింది. 642 మంది బడి పిల్లలు, సగం పై కులాలు, సగం దళితులు. కాగితం మీద దారి వెతికే పజిల్స్ ఇచ్చారు. కులం ఊసెత్తనప్పుడు రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అందరి ముందు ప్రతి పిల్లాడి పేరు, కులం చదివి, ఆ తర్వాత పజిల్స్ ఇస్తే దళిత పిల్లల ఫలితం పడిపోయింది. పిల్లలు వాళ్లే, తెలివీ అదే. మారింది గదిలో వినిపించిన ఒక్క మాట. దీన్ని కొందరు 'చూశారా, లోపం వాళ్ల మనసులో ఉంది' అని చదువుతారు. నేను తలకిందులుగా చదువుతాను: కులం చదివే గొంతును ఆ గదిలోకి తెచ్చింది పిల్లలు కాదు.

మరి ఎడమ పేజీ, కుడి పేజీ అంటున్నానే, ఆ పని అందరికన్నా బాగా చేసినాయన మనకు దగ్గర్లోనే చేశారు. సూరత్‌లో అహ్మదాబాద్ వైపు రైలెక్కితే రెండు గంటల్లో వడోదరా. 1917లో బాబాసాహెబ్ అక్కడ దిగారు. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద కొలంబియాలో చదివి, లండన్ చదువు మధ్యలో ఆపి, ఒప్పందం ప్రకారం కొలువు చేయడానికి వచ్చారు. వయసు 26. నాకన్నా చిన్న. ఉండడానికి చోటు దొరక్క పార్సీ పేరుతో పార్సీల సత్రంలో దిగారు. పదకొండో రోజు కర్రలు పట్టుకున్న పార్సీలు ఆయన గది ముందు నిలబడ్డారు. స్నేహితులను అడిగారు, చోటు దొరకలేదు. చీకటి పడేదాకా కమాఠీబాగ్ తోటలో కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయారు.

1930ల మధ్యలో ఆయన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో దీన్ని రాసినప్పుడు ఎలా రాశారో చూడండి. విద్యార్థులు ఈ కోణంలో ఇంకోసారి చదవాలని నా కోరిక. ఎవరు వచ్చారు, ఏం అడిగారు, ఈయన ఏం చెప్పారు, ఎంత గడువు అడిగారు. ఒక ఫిర్యాదులో ఉండాల్సిన వివరమంతా ఉంటుంది. బాధ దాచలేదు, ఆ రోజు తలచుకుంటే కన్నీళ్లు వస్తాయని కూడా రాశారు. కానీ నాలో ఏం తక్కువ అనే వాక్యం కోసం వెతికితే దొరకదు. ఆ ఘటన నుంచి ఆయన తీసిన నిర్ధారణ సమాజం గురించి: అంటరానితనం హిందువు గడప దగ్గర ఆగదు, పార్సీ సత్రంలోకీ వస్తుంది. అలాంటి ఆలోచనలు ఆ తోటలో ఆయనకు రాలేదని నేను అనను. నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. కాగితం మీదకు మాత్రం జరిగిన సంగతినే రానిచ్చారు.

మొన్న మా చిన్నాయన కొడుకు ఫోన్ చేశాడు. ఇంజినీరింగ్ మొదటి ఏడాది, ఏ కాలేజో చెప్పను.

"అక్కా, నాతోని కాదు. వైవాకు పోను."

"ఏమైంది తమ్మీ?"

"నోరు తెరిస్తే అందరూ నవ్వుతరు."

"అందరూ అంటే ఎంతమంది?"

కాసేపు ఆగాడు. "ఇద్దరు."

"క్లాసుల ఎంతమంది?"

"అరవై."

ఇక్కడిదాకా నేను చాలా తెలివైనదాన్ని అనుకున్నాను. 'అందరూ' పోయి 'ఇద్దరు' వచ్చింది, బెక్ సంతోషిస్తాడు. ఇంకో ప్రశ్న అడిగాక తెలిసింది, ఆ ఇద్దరూ క్లాసు వాట్సాప్ గ్రూపులో వీడి ర్యాంకు పెట్టి, కులం పేరు పెట్టి జోకు వేశారని. నేను ముందే "ఇద్దరే కదా, పట్టించుకోకు" అని ఉంటే ఏమయ్యేది? ఆ కౌన్సెలర్ చేసిన పనే నేనూ చేసేదాన్ని.

"స్క్రీన్‌షాట్ తీసినవా?"

"లేదక్కా."

"ఇప్పుడే తియ్యి. తేదీ కనపడాలె. అది ఒక పేజీ. వైవా ఇంకో పేజీ. రెండూ కలపకు."

స్క్రీన్‌షాట్ ఎక్కడికి పోవాలో అక్కడికి పోయింది. యూజీసీ 2012లో తెచ్చిన సమానత్వ నిబంధనలు ప్రతి సంస్థలో సమాన అవకాశాల సెల్, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలన్నాయి. మీ కాలేజీలో ఆ అధికారి పేరు ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి... సరే, కనుక్కోండి. పేరు లేకపోతే లేదని రాతపూర్వకంగా అడగండి. 1989 నాటి అట్రాసిటీ చట్టం ఉంది. ఇవన్నీ ఎడమ పేజీ పనులు, నోట్‌బుక్‌లో ప్రశ్నలు వేసుకుంటే తీరేవి కావు.

వైవా సంగతి వేరుగా మాట్లాడుకున్నాం. ఏ చాప్టర్ వచ్చు, ఏది రాదు. నాలుగు ప్రయోగాల్లో మూడు వచ్చు, ఒకటి రాదు. "నాతోని కాదు" అన్నది "నాలుగోది రాదు" అయింది. వాడు వైవాకు పోయాడు. అదరగొట్టాడని చెప్పను, పాసయ్యాడు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

బుద్ధుడి సతిపట్ఠాన సుత్తంలో మనసును గమనించే భాగం ఒకటి ఉంది. కోపం వస్తే వచ్చిందని, పోతే పోయిందని తెలుసుకోవడం, దానితో కొట్టుకుపోకుండా, దాన్ని తొక్కిపెట్టకుండా. ఈ రోజుల్లో కంపెనీలు మైండ్‌ఫుల్‌నెస్ పేరుతో ఉద్యోగులకు అమ్ముతున్నది చూస్తే నాకు చిరాకు. పన్నెండు గంటలు పనిచేయించి పది నిమిషాలు ఊపిరి గమనించమంటారు. కానీ సరుకు అమ్ముకునేవాడిది కాదు. మన ఇంటి సొత్తు, వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఈ నోట్‌బుక్ పద్ధతికి హద్దు ఉంది. వారాల తరబడి నిద్ర లేకపోతే, తిండి సహించకపోతే, బతకడం ఎందుకు అనే ఆలోచన వస్తే నోట్‌బుక్ పక్కన పెట్టి మనిషి దగ్గరికి వెళ్లండి. డాక్టరు దగ్గరికి, స్నేహితుల దగ్గరికి, ఎవరి దగ్గరికైనా. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. ఫోన్లలో ఇప్పుడే సేవ్ చేసుకోండి, నేను ఆగుతాను. మీకు కౌన్సెలర్ దొరికి, మీరు చెప్పిన అవమానాన్ని ఆ మనిషి నమ్మకపోతే, ఇంకో మనిషిని వెతకండి. నేను రెండోసారి వెతికాను, దొరికింది. ఆవిడ మొదట అడిగిన ప్రశ్న, "ఆయన సరిగ్గా ఏ మాట అన్నారు?" ఆ ఒక్క ప్రశ్నకే నాకు సగం బరువు దిగింది.

నా కుడి పేజీలు ఇంకా నిండుతూనే ఉన్నాయి. ఈ ప్రసంగం రాస్తున్నప్పుడు కూడా, తెలుగులో రాస్తున్నా సరే, మూడుసార్లు తుమ్ లోగ్ వినిపించింది. మూడుసార్లూ పక్కన తేదీ వేసుకున్నాను.

ఇప్పుడు ప్రశ్నలు. మైకు వెనక బెంచీల నుంచి మొదలుపెడదాం. ముందు వరుసవాళ్లు కాసేపు ఆగండి.

జై భీమ్.